స్తంభం చాటు

నా మేనకోడలు తనూజ తన పెళ్లి సముద్రం ఒడ్డున చేసుకుంటానని చెప్పినప్పుడు నేను వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. నవ్వలేదు. నవ్వితే ఆ పిల్లకు ఇంకా హుషారు పుడుతుంది. "మన బచ్చన్నపేటకు సముద్రం ఎన్నడొచ్చింది బిడ్డా?" అని మాత్రం అడిగాను.

"విశాఖపట్నం పోదాం అత్తమ్మా. సింపుల్‌గ, నలభై మందిమే. బ్యాండు లేదు, డీజే లేదు, లైట్ల తోరణాలు లేవు. అందరం ఇసుకల చెప్పుల్లేకుంట నిలవడుడు. అన్నీ మన చేతులతోని చేసుకునుడు."

చేతులతోనట. ఇన్నాళ్లూ ఈ ఇంటి పెళ్లిళ్లకు పసుపు దంచిందీ, విస్తళ్లు కుట్టిందీ, అరిసెలు వత్తిందీ మేం కాళ్లతో అన్నట్టు. తనూజ ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని బొమ్మలు చూపించింది. ఎవరో దేశం కాని దేశపు జంట జుట్టు గాలికి ఎగురుతుంటే నిలబడి ఉంది. పక్కన గాజు సీసాల్లో దీపాలు, సీసాల మెడకు జనుపతాడు, వచ్చినవాళ్ల పేర్లు రాసిన గులకరాళ్లు, ఒక గంప నిండా రబ్బరు చెప్పులు. చెప్పులు విప్పి రమ్మన్న పెళ్లిలో చెప్పులు పంచడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సాదాగా ఉండడానికి ఇంత సరంజామా కావాలని ఆ రోజే తెలిసింది.

నిజానికి నా కోపం సీసాల మీద కాదు. అది ముందే చెప్పేస్తాను, లేకపోతే ముసలిది చాదస్తంతో గొణుగుతోందని అనుకుంటారు. నాకు పెళ్లయిన కొద్ది రోజులకే మా ఆయన బావి దగ్గర మోటారు వేయబోయి కరెంటు కొట్టి పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చాను. తమ్ముడు హన్మంత్‌కు తనూజ పుట్టాక మరదలు కమలాదేవి చాలాకాలం మంచం మీదే ఉంది. ఆ పిల్లకు పాలు పట్టిందీ, నలుగు పెట్టిందీ, పేలు చూసిందీ, పలక పట్టించిందీ నేను. కానీ చెవులు కుట్టించిన రోజున, ఓణీ వేసిన రోజున నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. విధవ ఎదురు రాకూడదు, విధవ చేయి పడకూడదు. చుట్టాల పెళ్లిళ్లలో నా చోటు ఎప్పుడూ ఒకటే, ఫంక్షన్ హాల్లో వెనక ఏదో ఒక స్తంభం చాటు. పుస్తె కట్టే వేళకు అందరూ లేచి నిలబడతారు. నాకు వీపులు కనబడతాయి. ఎవరి పెళ్లి ఎలా పోయినా తనూజ పెళ్లిలో మాత్రం పుస్తె కట్టడం నా కళ్లతో చూడాలి. నాకున్న కోరిక అదొక్కటే. జనగామలో ఒక ఫంక్షన్ హాలు చూసిపెట్టుకున్నాను కూడా. అక్కడ కుడివైపు స్తంభం పక్కనుంచి తల కాస్త వంచితే మంటపం తిన్నగా కనిపిస్తుంది.

ఇసుకలో స్తంభం ఎక్కడుంటుంది? నలభై మందిలో విధవ మేనత్తకు చోటు ఎవరిస్తారు? అందుకే, "సముద్రం లేదు గిముద్రం లేదు, జనగాంల చేసుకో" అన్నాను. ఆ పిల్ల నా వంక అదోలా చూసి, మిరపకాయ ఒకటి తీసుకుని తొడిమ తుంచింది.

మా తమ్ముడు మాత్రం ఉబ్బిపోయాడు. హన్మంత్ పేరుకు పత్తి రైతు, లోపల ఎమ్మెల్యే. చుట్టుపక్కల ఎవరి బిడ్డకూ సముద్రం ఒడ్డున పెళ్లి కాలేదు కాబట్టి తన బిడ్డకు కావలసిందే. హోటలు దగ్గరా, మందుల దుకాణం దగ్గరా, చివరికి పక్కూరి దశదినకర్మ భోజనాల దగ్గర కూడా "మా తనూజది బీచ్ మ్యారేజీ" అని చెప్పుకు తిరిగాడు. అల్లుడు సంజయ్‌ది పెద్దవంగర. హైదరాబాదులో తనూజ పనిచేసే ఆఫీసులోనే పని. నెమ్మదైన పిల్లవాడు, మాట తక్కువ. మా తమ్ముడి ఎదుట మాట తక్కువగా ఉండడం కంటే తెలివైన పని లేదు కనుక అతని మీద నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయమే.

ఇంతలో వానాకాలం చివర తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు గనుల్లోకి దిగడం మానేశారు. ఉద్యమం మీద నాకు చిన్నచూపు లేదు. మా మాటను సినిమాల్లో వెకిలి చేసి నవ్వడం నేనూ చూశాను, మా చెరువులో నీళ్లకు బదులు తుమ్మలు పెరగడం నేనూ చూశాను. రాష్ట్రం రావాలనే అనుకున్నాను. నా చిన్నచూపంతా మా తమ్ముడి మీదే. జనగామ చౌరస్తాలో దీక్షా శిబిరం వేస్తే రోజూ ముందు వరసలో కూర్చునేవాడు. పొద్దున ఇంట్లో ఐదారు ఇడ్లీలు తిని బయలుదేరి నిరాహార దీక్షకు కూర్చోవడం, సాయంత్రం ఎవరో నిమ్మరసం ఇస్తే ఫోటోకు మొహం పెట్టి తాగడం, ఇంటికొచ్చి కోడికూర ఎందుకు వండలేదని భార్య మీద అరవడం. దాన్ని త్యాగం అంటారట.

రైలు రోకో జరిగిన రోజు మమ్మల్ని కూడా జీపుల్లో జనగామ తీసుకెళ్లారు. ఆడవాళ్లం చాలామంది పట్టాల మీద కూర్చున్నాం. అక్కడ బొట్టున్నవాళ్లు ముందు, లేనివాళ్లు వెనక అని ఎవరూ అనలేదు. పోలీసులు వస్తున్నారని తెలియగానే మా తమ్ముడు పరుగున వచ్చి, "అక్కా, నువ్వు జర ముందుకొచ్చి కూసో. పెద్దమనుషులు, ఆడోళ్లు ముందుంటే వాళ్లు లాఠీ ఎత్తరు" అన్నాడు. వెళ్లి ముందే కూర్చున్నాను. కంకర రాళ్లు గుచ్చుకున్నా మనసుకు హాయిగానే ఉంది. జన్మలో మొదటిసారి నా ముందు ఎవరి వీపూ లేదు.

ఆ తర్వాత ఒకనాడు శిబిరంలో హన్మంత్ మైకు పట్టుకుని, "వలస పాలకుల గాలి కూడ మనకొద్దు" అని గొంతు చించుకుంటుంటే వెనకనుంచి ఎవరో నింపాదిగా అడిగారట. "అన్నా, బిడ్డ పెండ్లి విశాఖపట్నం సముద్రం కాడనట గదా. గాలి గాడ మంచిగ వస్తదా?" శిబిరమంతా నవ్వారట. ఈ ముచ్చట టెంట్‌హౌస్ నబీసాబ్ చెప్పాడు. జనగామలో శిబిరానికైనా పెళ్లికైనా షామియానా ఆయనదే. ఆ రోజు మా తమ్ముడి మొహం మాడిన రొట్టెలా ఉందని ఆయనే అన్నాడు.

ఇంటికి రాగానే హుకుం జారీ అయింది. విశాఖ లేదు, సముద్రం లేదు. జనగామ ఫంక్షన్ హాల్లో వేలమందితో పెళ్లి, గేటు దగ్గర గులాబీ కండువాలు పంచడం, స్టేజీ మీద నాయకులు. తండ్రి మొహం చూస్తూ తనూజ అంతా విని, "అయితే రిజిస్టర్ ఆఫీసుల దండలు మార్చుకుంటం బాపూ. నువ్వు టెంటులనే కూసో" అంది. అన్నంత పనీ చేసే పిల్ల. రిజిస్టర్ ఆఫీసులో పుస్తె కట్టడం అనేదే ఉండదు, చూడడానికి.

రెండు రోజులు ఇంట్లో ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కున్నాం. చివరికి కమలాదేవి నోరు తెరిచింది. "మా తమ్ముడు భూపాలపల్లిల బొగ్గుబాయి క్వార్టర్ల ఉంటడు. గాడికెల్లి గోదారి దూరం గాదు. ఏడ జూసినా ఇసుకనే. బిడ్డకు ఇసుక గావాలె, నీకు ఇజ్జత్ గావాలె. రెండూ ఉంటయ్." మా మరదలు నోరు తెరిచేది అరుదు, తెరిస్తే పనికొచ్చే మాటే వస్తుంది. తనూజ వెంటనే ఒప్పుకుంది. ఉప్పునీళ్లు అక్కర్లేదు, ఇసుక ఉంటే చాలంది. అంత సులువుగా ఎలా ఒప్పుకుందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

తెల్లారేసరికి ఆ ఆలోచన మా తమ్ముడిదైపోయింది. శిబిరంలో మైకు అందుకుని, "మనకు సముద్రం లేకుంటేంది, గోదారి లేదా? గా ఇసుక మనది కాదా? నా బిడ్డ పెండ్లి మన గోదారి ఒడ్డునే" అన్నాడు. చప్పట్లు మోగాయి. మొన్న నవ్వినవాళ్లే కొట్టారు. కండువాతో కళ్లు కూడా ఒత్తుకున్నాడని నబీసాబ్ చెబితే, కొంచెం కారం అంటిందేమో అన్నాను.

ఒక షరతు మాత్రం పెట్టాడు. నాలుగు స్తంభాల మంటపం ఉండాలి. సింహం తలలు, బంగారు రంగు వేసిన ఫైబరు స్తంభాలు, నబీసాబ్ దగ్గర కొత్తగా వచ్చినవి. "మంటపం లేకుంటే అది పెండ్లి గాదు, పిక్నిక్" అన్నాడు. తమ్ముడు జన్మలో ఒక మంచి మాట అన్నాడని ఆ రోజు నాకు అనిపించింది. స్తంభం ఉంటుంది. నాకు చాటు ఉంటుంది.

సమ్మె అయిపోయాక ఆదివారం ఆదివారం తనూజ, సంజయ్ బచ్చన్నపేట వచ్చేవారు. మా ఇల్లు పాత సామాన్ల దుకాణమైంది. కమలాదేవి పచ్చడి సీసాలన్నీ ఖాళీ చేయించి కడిగించారు. పచ్చళ్లు గిన్నెల్లోకి, సీసాలు గోదావరికి. సంజయ్ అరుగు మీద కూర్చుని గులకరాళ్ల మీద పేర్లు రాసేవాడు. నెలకు అంత జీతం తీసుకునే మనిషి నాలుక బయటపెట్టి రాళ్లకు రంగు వేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవారు. శుభలేఖలు గుడ్డ ముక్కల మీద పసుపు నీళ్లతో రాశారు. మొదటి వానకే మాసిపోయే శుభలేఖ నేనెక్కడా చూడలేదు. ఇక సముద్రపు గవ్వలు లేవు కనుక పొలం గట్ల మీద నత్తగుల్లలు ఏరుకొచ్చి దండలు గుచ్చారు. వాసన పోవడానికి వాటిని ఎండలో పెడితే కాకులు వచ్చి సగం ఎత్తుకుపోయాయి. కాకులకే నయం, వాటికి అవి ఎందుకో తెలుసు.

ఒక ఆదివారం తనూజ నా మంచం మీద చేరింది. "అత్తమ్మా, నువ్వు నాకొక బొంత కుట్టాలె. మంటపం మీద కప్పుతందుకు."

"బొంత పండుకునేతందుకు బిడ్డా. నెత్తి మీద కట్టుకునేతందుకు గాదు."

"నాకు నెత్తి మీదనే గావాలె. నా చిన్నప్పటి గౌన్లు, అమ్మ చీరలు, మా నాయినమ్మ చీరలు అన్నీ ఏసి కుట్టు. నీ పెండ్లి చీర గూడ."

అవతల పప్పు చెరుగుతున్న కమలాదేవి చేట ఆపింది. "వదినె, ఏమనుకోకు. బొంత కుట్టు, మంచిదే. గా చీర ముక్క ఒక్కటి వద్దు."

ఏమనుకోకు అనే మాట మా మరదలు నాతో అన్నన్నిసార్లు దేవుడికి దండం కూడా పెట్టి ఉండదు. కమలాదేవి చెడ్డది కాదు. భయస్థురాలు. భయస్థుల దయ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, నా పళ్లెంలో నెయ్యి ఎక్కువ వేసి నన్ను గడప ఇవతల కూర్చోబెట్టేలా ఉంటుంది. నేను ఏమీ అనుకోలేదని చెప్పి సూదిలో దారం ఎక్కించాను.

బొంతకు మూడు పొరలు వేశాను. పైన, కింద పిల్ల గౌన్లు, మా అమ్మ నేత చీరలు, కమలాదేవి చీరలు. నడిమి పొరను ఎవరూ చూడరు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టెలోంచి నా పెళ్లి చీర తీశాను. ఎర్ర చీర, ఒక్కసారి కట్టింది. నడుమ పరిచి, చుట్టూ గట్టిగా కుట్టేశాను. నాకు భయం వేయలేదని చెప్పను. సంజయ్ తల మీద నా చీర నీడ పడితే ఏమవుతుందోనని సూది రెండుసార్లు ఆపాను. మళ్లీ ఆలోచించాను. ఆ చీర ఏం చేసింది పాపం? మోటారు వైరు తెగి ఉంటే చీరదా తప్పు? కుట్టడం ముగించాను.

మార్గశిరంలో ముహూర్తం. ముందురోజే అందరం భూపాలపల్లి చేరి కమలాదేవి తమ్ముడి క్వార్టర్లోనూ ఆ పక్క క్వార్టర్లలోనూ దిగాం. పొద్దున్నే తలకు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బయటికి వచ్చేసరికి హన్మంత్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పట్టు ధోవతి, మెడలో గులాబీ కండువా. మా తమ్ముడు అక్కా అని మెత్తగా పిలిచాడంటే ఏదో లాక్కోబోతున్నాడని అర్థం.

"అక్కా, జర సమజ్ చేసుకో. గాడ గోడల్లేవు, ఏం లేవు. అంత ఖుల్లాగ ఉంటది. పేపరోళ్లు వస్తున్నరు. ఎటు తీసినా ఫోటోల పడతవ్. వియ్యాలోళ్లు ఏమనుకుంటరో. నువ్వు గీడనే ఉండు. పుస్తె కట్టుడు అయినంక జీపు పంపుత, బువ్వకు రా."

"రైలు పట్టాల మీద ముందు కూసోబెట్టినవ్ గదరా తమ్మీ. అప్పుడు పేపరోళ్లు రాలేదా?"

"గది వేరు, గిది వేరు."

నాకు ఏడుపు రాలేదు. రోత పుట్టింది. మొన్నటిదాకా శిబిరంలో ఆత్మగౌరవం అనే మాటను అన్నిసార్లు నమిలి ఉమ్మిన నోరే ఇది. ఆ పిల్ల కడుపు నొప్పని అర్ధరాత్రి ఏడిస్తే అటు తిరిగి పడుకున్న మనిషి, ఈ రోజు ఆ పిల్లకు నా నీడ సోకకుండా కాపలా కాస్తున్నాడు. చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వెళ్లి కూర్చున్నాను.

కాసేపటికి బయట గొడవ వినబడింది. తనూజ జీపు ఎక్కనంటోంది. "అత్తమ్మ ఎక్కకుంటే ఈ జీపు కదలది." ముహూర్తం దాటిపోతుందని పంతులు ఒకవైపు, తమ్ముడు ఒకవైపు. చివరికి బేరం కుదిరింది. నేను వస్తాను, కానీ ఒడ్డున జీపులోనే కూర్చుంటాను, దిగను. డ్రైవరు పెంటయ్య వెనక జీపు తలుపు తీసి నన్ను ఎక్కించాడు. కూరగాయల బుట్టలు కూడా అదే జీపులో ఉన్నాయి.

గోదావరి ఒడ్డున జీపు ఆపిన చోటు నుంచి మంటపం వేసే చోటు చాలా దూరం. మనుషులు బొటనవేలంత కనబడుతున్నారు. తెల్లగా పరుచుకున్న ఇసుక, అవతల సన్నటి నీటి పాయ, చలిగాలి. పచ్చడి సీసాలు వరసగా పెట్టారు, గాలికి ఒక్క దీపమూ నిలవడం లేదు. రబ్బరు చెప్పుల గంప ఒరిగిపోయి ఉంది. అవి చూసి నవ్వుకునే ఓపిక కూడా నాకు లేదు. ఇంత దూరం నుంచి పుస్తె కాదు కదా, పిల్ల మొహం కూడా కనబడదు. ఫంక్షన్ హాల్లో స్తంభమే నయం.

అప్పుడు స్తంభాల సంగతి చూశాను. నబీసాబ్ మనుషులు గుంత తవ్వుతున్నారు, ఇసుక జారి పూడుకుపోతోంది. లోతుగా తవ్వితే నీళ్లు ఊరుతున్నాయి. ఒక స్తంభం నిలబెట్టి రెండోదాని దగ్గరికి వెళ్తే మొదటిది పడుకుంటోంది. సింహం తల ఒకటి ఊడి దొర్లింది. ఒక స్తంభం ఏకంగా పంతులు మీదికే ఒరిగితే ఆయన పంచె ఎత్తిపట్టి పక్కకు గెంతాడు. శిబిరంలోనైతే షామియానా తాళ్లు కరెంటు స్తంభాలకు కట్టేవారు. ఇక్కడ కట్టడానికి ఏముంది? గాలి ఇటువైపే వీస్తుండడంతో మా తమ్ముడి అరుపు నా దాకా వచ్చింది. నబీసాబ్ జవాబు కూడా వచ్చింది.

"పటేలా, ఇసుకల గుంజ నిలవదని నేను జనగాంలనే చెప్పిన. కింద ఇనుప పలకలు ఏద్దామంటే, మన ఇసుక మనకు ద్రోహం చెయ్యది అన్నది మీరే."

పంతులు గొంతు పెంచి, ముహూర్తం ఆగదనీ, దంపతుల నెత్తిన పందిరి లేకుండా తాను మంత్రం చెప్పననీ అంటున్నాడు. నబీసాబ్ చుట్టూ చూసి, ఇసుక మీద మడిచి పెట్టిన నా బొంతను విప్పాడు. "దర్గకు చాదర్ తీస్కపోయినట్టు నలుగురం నాలుగు మూలలు పట్టుకుందాం. గదే పందిరి." ఒక మూల తనే పట్టుకున్నాడు. ఇంకో మూల పెళ్లికొడుకు తండ్రి సదానందం పట్టుకున్నాడు. మూడోది పెంటయ్యకు ఇచ్చారు. మా తమ్ముడు నాలుగో మూల కోసం భూపాలపల్లి నాయకుణ్ని ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు.

తనూజ పీట మీది నుంచి లేచింది. నుదుట బాసికం, ఒంటి మీద పసుపు బట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. ఇసుకలో కాళ్లు కూరుకుపోతుంటే తిన్నగా జీపు దగ్గరికి నడిచి వచ్చి తలుపు తీసింది. "అత్తమ్మా, దిగు."

"పోయి పీట మీద కూసో బిడ్డా. ముహూర్తం పోతది. నేను గీడ మంచిగనే ఉన్న."

"ఎన్ని పెండ్లిళ్లల్ల నీ ఒళ్లె కూసున్న నేను, స్తంభం ఎనక. నాకు గూడ ఈపులే కనవడ్డయ్. ఫంక్షన్ హాలంటే స్తంభాలుంటయ్. అందుకే గదా ఇసుక అడిగిన. బాపు గీడిదాంక స్తంభాలు మోసుకొస్తడని నాకేం ఎరుక?"

మిరపకాయల దగ్గర కూర్చున్న నాటి నుంచి ఆ సీసాలనూ రాళ్లనూ నత్తగుల్లలనూ నేను తిట్టని తిట్టు లేదు. పిల్ల చేయి పట్టుకుని దిగాను. ఇసుక చల్లగా ఉంది.

మేం దగ్గరికి రావడం చూసి హన్మంత్ ఎదురొచ్చి దారికడ్డం నిలబడ్డాడు. "అక్కా, ఏమన్న ఎరుకుండే పనేనా గిది? నబీసాబ్ పట్టుకున్నడు, సరే. పెంటయ్య పట్టుకున్నడు, సరే. నువ్వెట్ల పడతవ్?"

"చేతులతోనిరా. చేతులతోని చేసుకునే పెండ్లని నీ బిడ్డ మొదలే చెప్పింది."

"అందరు చూస్తున్నరక్కా."

"చూడనీ. లాఠీలకైతే ముందు, పుస్తెకైతే ఎనక. గింతేనారా నువ్వు తెచ్చే తెలంగాణ?"

గాలి హోరులో కూడా ఆ మాట అందరికీ వినబడింది. సదానందం తల దించుకున్నాడు. పీట మీది నుంచి సంజయ్, "మామా, ముహూర్తం పోతంది. అత్తమ్మను పట్టుకోనియ్యి" అన్నాడు. ఇన్ని నెలల్లో అతను మా తమ్ముడికి ఎదురు చెప్పిన మాట అదొక్కటే. హన్మంత్ చుట్టూ చూశాడు. పత్రికల మనిషి కెమెరా ఎత్తి ఉన్నాడు. కెమెరాను చూడగానే మా తమ్ముడి మొహం మారింది, నవ్వు వచ్చింది, చేతులు చాచాడు. "రా అక్కా, రా. మా అక్క చేతి బొంత గిది" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఆ నవ్వు చూసి నోట్లో ఊరిన ఉమ్మిని, పెళ్లి చోటు కదా అని మింగాను.

నాలుగో మూల పట్టుకుని ఎత్తాను. మూడు పొరల బొంత, బరువుగానే ఉంది. కింద పీటల మీద తనూజ, సంజయ్, ఇటు కన్యాదానం చేయడానికి హన్మంత్, కమలాదేవి. పొద్దు అప్పటికి బాగా పైకి వచ్చింది. బొంత మీద ఎండ పడగానే నడిమి పొర కనబడింది. గౌన్ల గళ్ల వెనకనుంచి, తెల్ల నేత వెనకనుంచి ఎర్రగా వెలుగు దిగి నలుగురి మొహాల మీదా పడింది. కమలాదేవి తలెత్తి చూసింది. ఆమెకు తెలిసిపోయింది. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసి, తల వంచుకుని, తనూజ చీర కుచ్చెళ్లు సర్దింది. ఏమనుకోకు అని మాత్రం అనలేదు.

పుస్తె కట్టే వేళకు అందరూ లేచి నిలబడ్డారు. అలవాటు కొద్దీ మెడ చాచబోయాను. అక్కర్లేకపోయింది. నా ఎదుట ఎవరూ లేరు. సంజయ్ పుస్తె అందుకుని ముందుకు వంగడం, తనూజ జడను పక్కకు తప్పించుకోవడం, మొదటి ముడి, రెండో ముడి, మూడో ముడి, అన్నీ చూశాను. నాకు ఏడుపు అప్పుడొచ్చింది. రెండు చేతులూ పైకెత్తి ఉండడంతో తుడుచుకోవడం కుదరలేదు.

తలంబ్రాలు ఇంకా ఉన్నాయి. భుజాలు లాగుతున్నాయి, గాలికి బొంత తెరచాపలా ఉబ్బుతోంది. కింద కూర్చున్న మా తమ్ముడు మాటిమాటికీ తలెత్తి నా చేతి వంక చూస్తున్నాడు. నేను వదిలితే అంత బరువూ పేపరువాళ్ల ఎదుట తన నెత్తిన పడుతుందని భయం. చూడనిచ్చాను. ఆ మూల వదలలేదు.